కొసరు వేసిన తుపాకి మందు

నా చిన్నప్పుడు మా పెదనాన్న ఒక షూటింగ్ క్లబ్బులో తూటాలు నింపే పని చేసేవాడు. ఈ మాట చెప్తే పుంగ్గోల్‌లో ఉండే మా మనవరాలు నమ్మదు. "అమ్మమ్మా, దిస్ ఈజ్ సింగపూర్ లా," అంటుంది, నేనేదో కథ అల్లి చెప్తున్నట్టు. దాని తప్పేం లేదు. ఇప్పుడు ఇక్కడ తుపాకి అన్న మాట గట్టిగా అనాలన్నా అటూ ఇటూ చూసుకుంటాం. అప్పుడు కూడా అది ఎవరు పడితే వాళ్ళు చేసే పని కాదు. క్లబ్బుకు లైసెన్సు ఉండేది, తూటాల గదికి ఇనుప తలుపు ఉండేది, ఆ తలుపుకు ఒక తాళం, తాళానికి రెండు చెవులు ఉండేవి. ఒక చెవి సెక్రటరీ గారి సొరుగులో ఉండేది. రెండోది మా పెదనాన్న మొలతాడుకు కట్టి ఉండేది. స్నానానికి వెళ్ళినా దాన్ని విప్పేవాడు కాదు.

మా వాళ్ళు రెండు తరాలు మలయాలో రబ్బరు తోటల్లో పనిచేసినవాళ్ళు. మా నాయనమ్మ పుట్టింది కూడా అక్కడే. తోటలోకి అడవిపందులు దిగి మొక్కల వేళ్ళు తవ్వేసేవట. వాటిని కొట్టడానికి తోట దొరకు ఒక తుపాకి ఉండేది. దాన్ని మోస్తూ, దానికి తూటాలు నింపుతూ మా పెదనాన్న ఆ పని నేర్చుకున్నాడు. తర్వాత ఆ తోటను ముక్కలుగా అమ్మేస్తే మా కుటుంబమంతా మూటలు కట్టుకుని దక్షిణానికి దిగి సింగపూర్ చేరింది. నాన్నకు ఓడరేవులోనూ, అమ్మకు ఫ్యాక్టరీలోనూ పని దొరికింది. పెదనాన్నకు మాత్రం చేతికి వచ్చిన విద్యే అన్నం పెట్టింది.

క్లబ్బులో జంతువులను కాల్చరు. మట్టితో చేసిన బిళ్ళలను గాలిలోకి విసిరే యంత్రం ఒకటి ఉంటుంది. అవి ఎగిరిపోతుంటే పెద్దమనుషులు వరుసలో నిలబడి కాలుస్తారు. బిళ్ళ ముక్కలైతే ఒక మార్కు. అంత డబ్బూ చదువూ ఉన్నవాళ్ళు మట్టి బిళ్ళలు పగలగొట్టడానికి ఆదివారాలు పోగొట్టుకుంటారేమిటని నాయనమ్మ జీవితాంతం ఆశ్చర్యపడింది. పెదనాన్నకు ఆ ఆశ్చర్యం లేదు. కాల్చేవాళ్ళు ఎవరైనా, దేన్ని కాల్చినా, తూటా సరిగ్గా ఉందా లేదా అన్నదే ఆయన లోకం.

కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు ఆయన గదికి తిరిగొచ్చేవి. వాటిని తుడిచి, మళ్ళీ మందు పోసి, సీసపు రవ్వలు వేసి, మూతి మూసి పంపడం ఆయన పని. అందులో ప్రాణమంతా మందు తూచడంలో ఉంది. ఆయన దగ్గర కంసాలి దగ్గర ఉండేలాంటి చిన్న త్రాసు ఉండేది. ఒక తట్టలో తూనికరాయి పెట్టి, రెండో తట్టలో మందును చెంచా కొసతో కొద్దికొద్దిగా రాల్చేవాడు. ముల్లు నిలబడేదాకా ఊపిరి కూడా గట్టిగా వదిలేవాడు కాదు. ప్రతి తూటాకూ అంతే. నూరు తూటాలంటే నూరుసార్లు. ఆయన నింపినవి ఎన్ని కాల్చినా భుజానికి ఒకటే దెబ్బ తగులుతుందని క్లబ్బు సభ్యులు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళలో ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాళ్ళు.

నా బడి పొద్దుటి పూట. మధ్యాహ్నానికి వదిలేస్తే ఇంట్లో చూసేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. అమ్మ ఫ్యాక్టరీలో ఉండేది, నాయనమ్మకు ఆ ఏడాది కళ్ళు సరిగ్గా కనిపించేవి కావు. అందుకని పెదనాన్న నన్ను బడి దగ్గర నుంచి బస్సులో క్లబ్బుకు తీసుకెళ్ళేవాడు. గది బయట వరండాలో ఒక బెంచీ ఉండేది. అక్కడ కూర్చుని లెక్కలు చేసుకోవచ్చు, తలుపులోంచి లోపలికి చూడొచ్చు. గడప మాత్రం దాటకూడదు. ఈ ఒక్క షరతు మీదే సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. నాకు తొమ్మిదేళ్ళు. గడప దాటాలన్న కోరిక ఆ బెంచీ మీద కూర్చున్న ప్రతిరోజూ ఉండేది, దాన్ని రోజూ అణచుకునేదాన్ని.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో బియ్యం కొలిచే పని నాది. కొలిచేది పాల డబ్బాతో. డబ్బా నిండా ముంచి, అంచు మీద చేత్తో సమానం చేసి, గిన్నెలో పోసి, ఆపైన గుప్పెట్లోంచి ఇంకాస్త కొసరు వెయ్యాలి. కొసరు వెయ్యకపోతే నాయనమ్మ చప్పుడు వినే పట్టేసేది. పక్కింటి మలయ్ ఆంటీ చక్కెర అడిగినా, చైనీస్ ఆంటీ ఉప్పు అడిగినా అంతే. కొలిచి ఇచ్చింది బాకీ తీర్చినట్టుంటుంది, కొసరు వేస్తేనే ఇచ్చినట్టుంటుంది అనేది ఆవిడ. శెరంగూన్ రోడ్డులో మేము వెచ్చాలు తెచ్చుకునే కొట్టాయన కూడా అన్నీ కట్టాక ఒక రెబ్బ కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు పైన పడేసేవాడు. కొలతకు సరిగ్గా ఆగిపోయే చెయ్యి పీనాసి చెయ్యి అని నేను నమ్ముతూ పెరిగాను.

ఒకరోజు క్లబ్బుకు విదేశం నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో మందు కొలిచే మెసిన్ ఉంది. దాన్ని బల్లకు బిగించాలి. పైన పొడుగాటి గాజు గొట్టం, కింద ఇనుప దిమ్మ, పక్కన ఒక పిడి. గొట్టం నిండా మందు పోసి పిడిని పైకెత్తి దించితే, దిమ్మలో ఉన్న చిన్న గుంత నిండినంత మందు కింద పడుతుంది. గుంతను పెద్దదిగానో చిన్నదిగానో బిగించుకోవచ్చు. ఒకసారి బిగిస్తే ఇక ఎన్నిసార్లు లాగినా అంతే పడాలి. త్రాసు అక్కర్లేదు, ముల్లు అక్కర్లేదు, ఊపిరి బిగబట్టడం అసలే అక్కర్లేదు.

సెక్రటరీ గారు మంచి మనిషి. అందుకే చాలా మొహమాటపడుతూ చెప్పారట. మెసిన్ సరిగ్గా కొలిస్తే వచ్చే నెల నుంచి ఆ పిడి ఎవరైనా లాగొచ్చు. స్టోరులో ఉన్న మనిషి చూసుకుంటాడు. పెదనాన్న బయట మైదానంలో బిళ్ళల పనికి మారాలి. సరిగ్గా కొలవకపోతే పెట్టెలో పెట్టి వెనక్కి పంపేస్తాం. సరిగ్గా ఉందో లేదో పరీక్షించి చెప్పాల్సింది మాత్రం పెదనాన్నే, ఎందుకంటే క్లబ్బు మొత్తంలో మందు సంగతి తెలిసిన మనిషి ఇంకొకడు లేడు. తన కుర్చీ ఉంటుందో పోతుందో తేల్చే పని తనకే అప్పజెప్పారన్నమాట.

మైదానం అంటే రోజంతా ఎండ, వాన వస్తే బురద. రబ్బరు తోటలో ఒకసారి వాగు దాటుతూ పడినప్పటి నుంచి ఆయనకు ఎడమ మోకాలు సరిగ్గా వంగేది కాదు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా నాన్న, మెసిన్ బాగోలేదని చెప్పేస్తే పోతుంది కదా, ఎవడికి తెలుస్తుంది అన్నాడు. నాయనమ్మ మెసిన్‌నూ, దాన్ని చేసినవాణ్ణీ, పెట్టెలో పెట్టి పంపినవాణ్ణీ వరసగా తిట్టింది. పెదనాన్న మజ్జిగ కలుపుకుంటూ కూర్చున్నాడు.

రెండు రోజులపాటు ఆయన మెసిన్‌ను విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. పిడిని ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ వేగం ఒకేలా ఉండాలట. ఒకసారి మెల్లగా, ఒకసారి దబాలున లాగితే మందు లోపల సర్దుకోవడంలో తేడా వస్తుందట. అందుకని ఖాళీ పిడిని లాగుతూ సాధన చేశాడు. బెంచీ మీద నుంచి నేను ఆ చప్పుడు వింటూ ఎక్కాలు చదువుకున్నాను. పైకి ఒక టక్కు, కిందికి ఒక టక్కు. తనను ఆ గదిలోంచి పంపించేయబోయే వస్తువును ఆయన పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు చూసుకోవడం నాకు వింతగా ఉండేది.

మూడో రోజు అసలు పరీక్ష. బస్టాపు పక్కన ఉన్న కాఫీ షాపులో మిరపకాయ సాస్ పోసుకునే తెల్లటి చిన్న సాసర్లు ఇరవై అడిగి తెచ్చాడు. వాటిని కడిగి ఎండబెట్టాడు. తట్ట ఊగకుండా ఫ్యాను ఆపేశాడు, కిటికీ మూసేశాడు. మెసిన్‌లో మందు పోసి, మొదట వచ్చిన పది కొలతలూ తిరిగి సీసాలోకి ఒంపేశాడు. కొత్త మెసిన్ కాబట్టి అవి లెక్కలోకి రావని తనలో తను చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఇరవైసార్లు పిడి లాగి, ఇరవై సాసర్లలో మందు పట్టి, బల్ల మీద వరసగా పేర్చాడు. ఒక్కొక్కదాని మందునూ త్రాసు తట్టలో ఒంపబోతుండగా ఆఫీసులో ఫోను వచ్చిందని కబురు వచ్చింది. పెదనాన్న లేచి, ఇనుప తలుపు దగ్గరగా లాగి, వెళ్ళాడు. తాళం వెయ్యలేదు. అన్నేళ్ళలో ఆయన తాళం మర్చిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను గడప దాటాను. ఏదో పాడుచెయ్యాలని కాదు, దగ్గరగా చూద్దామని. సాసర్లలో మందు బూడిదరంగులో, చిన్న చిన్న రేకుల్లా ఉంది. ప్రతి సాసరులోనూ ఒకే ఎత్తు, ఒకే కుప్ప. కోసి పెట్టినట్టు. నాకు అది చూస్తే ఏదోలా అనిపించింది. అంత దూరం నుంచి వచ్చిన మెసిన్, అంత పెద్ద పేరు, ఇంత పీనాసిగా కొలవడమేమిటి అనుకున్నాను. మా పెదనాన్న పేరు మీద బయటికి వెళ్ళే సరుకు కదా ఇది, కొలతకు కొలత తూచి ఇస్తే ఏం మర్యాద. పక్కనే సీసా మూత తీసి ఉంది. రెండు వేళ్ళతో చిటికెడు తీసి మొదటి సాసరులో కొసరు వేశాను. రెండోదాంట్లో వేశాను. ఒకటి వదిలేశాను, అందులో ఇప్పటికే కాస్త ఎక్కువ ఉన్నట్టు తోచింది. అలా తొమ్మిదో పదో అయ్యాక వరండా చివర ఆయన కుంటి అడుగుల చప్పుడు వినిపించింది. పరుగెత్తి బెంచీ మీద కూర్చుని వేళ్ళు గౌనుకు తుడుచుకున్నాను. తప్పు చేశానని కాదు. గడప దాటాను కాబట్టి.

ఆయన తూచడం మొదలుపెట్టాడు. మొదటి సాసరు దగ్గరే ముల్లు పక్కకు ఒరిగింది. రెండోది అంతే. మూడోది సరిగ్గా నిలబడింది. నాలుగోది మళ్ళీ ఒరిగింది. త్రాసు తప్పేమోనని తట్టలు తుడిచి మళ్ళీ మొదటి నుంచి తూచాడు. పుస్తకంలో రాసుకున్నాడు. రాశాక ఆ అంకెల వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తల తిప్పి తలుపులోంచి నా వైపు చూశాడు. నేను కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాను. ఏమైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

వచ్చేటప్పుడు ఆయన నడక తేలిగ్గా ఉంది. మెసిన్‌ను వెనక్కి పంపడానికి సెక్రటరీ గారు ఉత్తరం టైపు చేయిస్తున్నారని నాతో చెప్పాడు. బస్సు ఎక్కేముందు నాకు తురిమిన మంచు మీద తీపి రంగునీళ్ళు పోసిన ఐస్ కచాంగ్ కొనిపెట్టాడు. రంగు నీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే నేను ఈ లోకంలో నాకంటే అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

ఇంట్లో ఆ సాయంత్రం పండగలా ఉంది. నాయనమ్మ కనిపించని కళ్ళతోనే సేమ్యా పాయసం వండించింది. నాన్న ఓడరేవు నుంచి రాగానే విషయం విని పెదనాన్న భుజం చరిచాడు. అందరూ తినేటప్పుడు అమ్మ అడిగింది, ఇంతకీ ఆ మెసిన్‌లో లోపమేమిటని. అప్పుడు పెదనాన్న చెప్పాడు. కొన్నిసార్లు కొలతకు మించి పోస్తోంది, ఇది ప్రమాదం. తోటలో ఆయన ఎరిగిన ఒక మనిషి, పంది పెద్దదని తూటాలో మందు కాస్త ఎక్కువ పోశాడట. తుపాకి గొట్టం చేతిలోనే చీలిపోయి రెండు వేళ్ళు పోయాయట. ఎక్కువ అన్నది తక్కువకంటే చెడ్డది ఈ పనిలో అన్నాడు. అలా అని పాయసం గిన్నె పక్కకు జరిపేశాడు. ఆయన సరిగ్గా తినలేదని ఎవరూ గమనించలేదు. నేను కూడా ఆ తర్వాతే గుర్తుచేసుకున్నాను.

కొలతకు మించి పోసింది మెసిన్ కాదని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తిడతారన్న భయం నాకు పెద్దగా లేదు, మా ఇంట్లో తిట్లు ఉప్పూ కారం లాంటివి. నా భయం వేరు. నేను నిజం చెప్తే మెసిన్ మంచిదవుతుంది. మెసిన్ మంచిదైతే పెదనాన్న ఆ మోకాలితో ఎండలోకి వెళ్ళాలి. చెప్పకపోతే ఆయన కుర్చీ ఆయనకుంటుంది, నాయనమ్మ నవ్వు నాయనమ్మకుంటుంది, ఎక్కడో విదేశంలో మెసిన్ చేసినవాడికి మాత్రం చెడ్డపేరు వస్తుంది. వాడెవడో నాకు తెలియదు. లెక్క చూస్తే చెప్పకపోవడమే మంచిదని తొమ్మిదేళ్ళ బుర్రకు కూడా తెలిసిపోయింది.

అయినా మర్నాడు మధ్యాహ్నం బస్టాపులో చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. సాసర్లలో కొసరు వేశానని, గడప దాటానని, మెసిన్ ఏం తప్పు చెయ్యలేదని చెప్పాను. ఏడుపు రాలేదు. మా బస్సు వచ్చింది. పెదనాన్న చెయ్యెత్తి ఆపలేదు. అది వెళ్ళిపోయేదాకా చూసి, అప్పుడు మాట్లాడాడు.

"తూసినప్పుడే అనుకున్నానమ్మా. మెసిన్ సెడిపోతే ఓసారి ఎక్కువ పోస్తది, ఓసారి తక్కువ పోస్తది. ఇది ఒక్కసారీ తక్కువ పొయ్యలేదు. మనిషి సెయ్యి పడిందని నాకు తెలిసిపోనాది."

ఆయనకు ముందే తెలుసన్న మాట నా బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. తెలిస్తే మరి నన్ను అడగలేదెందుకని అడిగాను.

"నాకు కావాల్సిన జవాబే వచ్చింది గదా. ఇంకెందుకు అడుగుతానే," అన్నాడు.

అలా అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. సిగ్గుపడిన పెద్దమనిషిని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. నా తప్పు నాకు ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది, దాంతో పాటు ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. నువ్వు తెలియక వేశావు, నేను తెలిసీ నోరు మూసుకున్నాను అని ఆయన ఇంకో మాట అన్నాడు. ఆ తర్వాత వచ్చిన బస్సు ఎక్కాం.

క్లబ్బుకు వెళ్ళగానే పెట్టెలో పెట్టేసిన మెసిన్‌ను బయటికి తీశాడు. మళ్ళీ ఫ్యాను ఆపాడు, కిటికీ మూశాడు, మొదటి పది కొలతలూ సీసాలో ఒంపేశాడు. తలుపు మాత్రం బార్లా తెరిచి, బెంచీని గడపకు దగ్గరగా జరిపి, నన్ను చూస్తూ కూర్చోమన్నాడు. ఇరవై సాసర్లూ తూచాడు. ఇరవైసార్లూ ముల్లు నిలువుగా నిలబడింది. రెండు మూడుసార్లు వెంట్రుకవాసి ఊగి, అటూ ఇటూ చూసి, మళ్ళీ నడుమకే వచ్చింది. ఆయన తన చేత్తో అంత వేగంగా అంత సమానంగా ఎప్పుడూ తూచలేడు. అది నాకు తెలుస్తోంది, ఆయనకు నాకంటే బాగా తెలుస్తోంది. అంతా అయ్యాక అవసరం లేకపోయినా పిడిని ఇంకోసారి ఎత్తి దించాడు. మంచి మెసిన్ అన్నాడు. ఆ మాటలో దెప్పు లేదు. పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకున్నట్టు అన్నాడు.

ఆఫీసు కిటికీ వరండాలోకే ఉండేది. నేను దాని కింద నిలబడి విన్నాను. సెక్రటరీ గారు చైనీస్ ఆయన, పెదనాన్నకు ఇంగ్లీషు అంతంత మాత్రం, వాళ్ళిద్దరూ ఎప్పుడూ మలయ్‌లోనే మాట్లాడుకునేవాళ్ళు. పెదనాన్న ఎక్కువ చెప్పలేదు.

"మెసిన్ బాగుస్. సలా సయా," అన్నాడు.

మెసిన్ మంచిది, తప్పు నాది అని. సెక్రటరీ గారు ఏం జరిగిందో చెప్పమన్నారు. తాళం వెయ్యకుండా వెళ్ళానని, చిన్నపిల్ల లోపలికి వచ్చిందని, పిల్ల వచ్చినట్టు తనకు అనుమానం వచ్చినా అడగకుండా రిపోర్టు రాసిచ్చానని పెదనాన్న వరసగా చెప్పాడు. తాళం సంగతి చెప్పక్కర్లేదు. మెసిన్ బిగింపు తప్పింది, మళ్ళీ సరిచేశాను అంటే సరిపోయేది. నాకే తట్టిన ఆ మాట ఆయనకు తట్టకుండా ఉంటుందా. సెక్రటరీ గారు కిటికీలోంచి నన్ను చూశారు. కోపంగా లేరు. బాధగా ఉన్నారు, అది ఇంకా కష్టంగా ఉంది. ఆ గది తలుపు తెరిచి ఉందన్న మాట విన్నాక ఊరుకునే అధికారం ఆయనకూ లేదు. చెయ్యి చాపారు.

పెదనాన్న చొక్కా పైకెత్తి తాళంచెవి విప్పబోయాడు. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన ముడి అది. రాలేదు. సెక్రటరీ గారు చాపిన చెయ్యి దించలేక, పెదనాన్న ముడి విప్పలేక, ఇద్దరూ అలాగే కొంతసేపు నిలబడిపోయారు. చివరికి సెక్రటరీ గారే సొరుగులోంచి కత్తెర తీసి ఇచ్చారు. అప్పుడు ఏడ్చాను నేను. కిటికీ కింద కూర్చుని, నోటికి గౌను అడ్డం పెట్టుకుని, కడుపు నొప్పి వచ్చేదాకా ఏడ్చాను. బయటికి వచ్చి పెదనాన్న అడిగింది ఒకటే, ఆకలేస్తోందా అని.

ఇంట్లో మెసిన్ మంచిదేనని తేలిందని మాత్రమే చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. నేనే రెండు రోజులు ఆగి నాయనమ్మకు చెప్పుకున్నాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు బియ్యం కొలవమని మామూలుగా పిలిచింది. నేను డబ్బా పట్టుకుని కొసరు వెయ్యాలా వద్దా తెలియక నిలబడ్డాను. వెయ్యవే, ఇది అన్నం అంది.

పెదనాన్న మైదానంలో చాలా ఏళ్ళు పనిచేశాడు. గడ్డి టోపీ పెట్టుకుని, పగలకుండా కింద పడిన మట్టి బిళ్ళలను సంచిలో ఏరేవాడు. ఎడమకాలు చాపి వంగేవాడు. సెలవు రోజుల్లో నేను కూడా వెళ్ళి ఏరేదాన్ని. వంగడం ఆయనకు ఎంత కష్టమో ప్రతిసారీ కనిపించేది, నిజం చెప్పకుండా ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపించేది. ఇది దాచను. ఒకసారి ఆయనతోనే అనేశాను. ఆయన టోపీ తీసి విసురుకుంటూ, మరి ఆ కుర్చీలో కూర్చున్నా ఊపిరాడేది కాదే అన్నాడు. అంతకుమించి ఆ విషయం మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

పెద్దయ్యాక నేను జురాంగ్ ఐలాండ్‌లో ఒక కెమికల్ ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. నమూనాలు తూచడం, పరీక్షించడం, రాయడం. రిటైరయ్యేదాకా అదే పని. ఫలితం చెడ్డగా వస్తే ల్యాబులో అందరూ రెండోసారి పరీక్ష చేస్తారు, అది మామూలే. నేను మాత్రం మంచిగా వచ్చినా చేసేదాన్ని. ముఖ్యంగా సరుకు వెళ్ళిపోవాలని పైవాళ్ళు తొందరపడుతున్న రోజున, అది పాసైతే ఇంటికి పోవచ్చని నేనూ అనుకుంటున్న రోజున. "ఆంటీ, పాస్ ఆల్రెడీ లా, వాట్ ఫర్ డూ అగైన్," అని కుర్రవాళ్ళు విసుక్కునేవాళ్ళు. పాసైంది కాబట్టే అని చెప్పేదాన్ని. వాళ్ళకు అది ముసలమ్మ చాదస్తంలా ఉండేది.

మూడేళ్ళ క్రితం మా ఆయనకు ఒంట్లో బాగుండలేదు. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకునేంతగా చిక్కిపోయారు. పరీక్షలు చేయించాం. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. మా అమ్మాయి ఫోనులోనే ఏడ్చేసింది, గుడికి వెళ్దామంది. బెడోక్‌లో మా బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివాను. నా జీవితంలో ఏ జవాబునూ అంతగా కోరుకోలేదు. అందుకే భయమేసింది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇంకోసారి చూడమని అడిగాను. అవసరం లేదన్నారు. లేచి రాలేదు నేను.

రెండోసారి నాకు కావాల్సిన జవాబు రాలేదు. కానీ తొందరగా తెలిసింది, వైద్యం అందింది. ఇది రాస్తుంటే మా ఆయన పక్క గదిలో టీవీ గట్టిగా పెట్టుకుని క్రికెట్ చూస్తున్నారు. గోడ అవతల నుంచి పొరుగువాళ్ళు తడుతున్నారు. నాకు మాత్రం తగ్గించమని చెప్పాలనిపించడం లేదు.